మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాళ్ళ కోసం: ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి ఇంటికొచ్చిన నెల దాకా

మా నాన్న నెమ్ముతో ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. వైద్యం బాగా జరిగింది, జబ్బు తగ్గింది. ఆయన పడిపోయింది ఇంటికొచ్చిన నాలుగో రోజున. తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచి, కళ్ళు తిరిగి, గడప మీద పడ్డారు. కనుబొమ మీద అయిదు కుట్లు పడ్డాయి. ఆ మధ్యాహ్నం మందులన్నీ మంచం మీద పరిచి చూస్తే సంగతి తెలిసింది. ఎప్పటి నుంచో వేసుకుంటున్న బీపీ మాత్ర ఆమ్లోడిపిన్. డిశ్చార్జి కాగితంలో వేరే పేరుతో రాసిన కొత్త మాత్రలోనూ అదే ఆమ్లోడిపిన్, దానికి తోడు ఇంకో బీపీ మందు. రెండూ రోజూ ఇచ్చింది నేనే. పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆపాలా అని నేనూ అడగలేదు.

ఆ తర్వాత అమ్మతో, మావయ్యతో విశాఖలోని వేర్వేరు ఆసుపత్రుల్లో చాలా రాత్రులు గడిపాను. రోగుల సంరక్షణ ఎలా మెరుగుపడుతుందన్న దాని మీద వచ్చిన పరిశోధనలు దొరికినంత చదివాను. వాటిలో పదే పదే కనిపించిన విషయం ఒకటుంది. చాలా నష్టాలు పని చేతులు మారే చోట జరుగుతాయి: డ్యూటీ డాక్టరు మారినప్పుడు, సిస్టర్ షిఫ్ట్ దిగినప్పుడు, ఐసీయూ నుంచి వార్డుకి తెచ్చినప్పుడు, వార్డు నుంచి ఇంటికి పంపినప్పుడు. వీళ్ళందరూ మారుతుంటారు. మొదటి నుంచి చివరి దాకా ఉండేది స్టూలు మీద కూర్చున్న మనిషే. ఆ మనిషి ఏ రోజు ఏం చెయ్యాలో వరుసగా రాస్తున్నాను. మందు మార్చడం, ఆపడం లాంటి నిర్ణయాలు మాత్రం ఎప్పుడూ డాక్టరువే.

మొదటి మెట్టు: బయల్దేరేటప్పుడు మందుల సంచి

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకోండి. చీటీ కాదు, మందులే. షుగర్ మాత్రలు, కంటి చుక్కలు, మోకాళ్ళ నొప్పులకు వీధి చివర మెడికల్ షాపులో కొన్న బిళ్ళలు, నాటు మందులు, ఆయుర్వేదం, అన్నీ. "ఇవి చెప్తే డాక్టరు తిడతారేమో" అని దాచేవాళ్ళని చాలామందిని చూశాను. నొప్పి మాత్రలు కిడ్నీల మీద, రక్తం పలచబడే మందులు ఆపరేషన్ మీద ప్రభావం చూపిస్తాయి. చెప్పకపోతేనే ప్రమాదం.

కళ్ళజోడు, వినికిడి మిషను, కట్టుడు పళ్ళు కూడా సంచిలో పడాలి. ఎందుకో అయిదో మెట్టులో చెప్తాను. పాత రిపోర్టులు, ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ కింద చూపించుకునేవాళ్ళయితే కార్డు, ఉంటే 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు.

మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం లాంటి పక్షవాతం గుర్తులు కనిపిస్తే సంచీ వద్దు, ఏదీ వద్దు. 108కి ఫోన్ చెయ్యండి. మనిషి చివరిసారి మామూలుగా కనిపించింది ఏ టైముకో మాత్రం గుర్తుపెట్టుకోండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇస్తారు. ఆసుపత్రిలో మొదట అడిగేది ఆ టైమే. నర్సీపట్నం నుంచో పాడేరు ఘాట్ దిగో వచ్చేవాళ్ళకి దారిలోనే ఎంత పోతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఎక్కే ముందే, స్కానింగ్ ఉన్న ఆసుపత్రి ఏది దగ్గరో 108 వాళ్ళనే అడగండి.

రెండో మెట్టు: రెండు వందల పేజీల నోటుబుక్కు

అట్ట గట్టిగా ఉన్నది, పెన్ను దారంతో కట్టినది. ఫోన్లో రాసుకుంటామంటారు గానీ, ఫోన్ మీతోపాటు టిఫిన్‌కి వెళ్ళిపోతుంది. పుస్తకం మంచం దగ్గర ఉంటుంది.

అమెరికా, కెనడాల్లోని 9 పిల్లల ఆసుపత్రుల్లో జూనియర్ డాక్టర్లకు షిఫ్ట్ అప్పగించే పద్ధతి నేర్పి, ముందూ తర్వాతా పోల్చి చూశారు. దాన్ని ఐ-పాస్ అంటారు. 2014లో ఫలితాలు వచ్చాయి: వైద్యంలో తప్పులు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. పద్ధతిలో ఉన్నవి అయిదే. మనిషి ఎంత సీరియస్‌గా ఉన్నారు, ఇప్పటిదాకా ఏం జరిగింది, చెయ్యాల్సిన పనులేమిటి, ఫలానాది జరిగితే ఏం చెయ్యాలి, చివరగా విన్నవాళ్ళు విన్నది తిరిగి చెప్పడం.

దీన్ని నేను మా ఇంటికి తెచ్చుకున్నాను. పగలు చెల్లి, రాత్రి నేను. మా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది:

"మంగళవారం. ఉదయం 7: జ్వరం 100.2. ఇడ్లీ ఒకటిన్నర తిన్నారు. రాత్రి రెండుసార్లు లేచారు. 10:30 రౌండ్స్: మేడమ్ యాంటీబయోటిక్ మార్చారు, పాతది మూడు రోజులు పడింది. ఎక్స్‌రే మళ్ళీ తియ్యాలి, రిపోర్టు సాయంత్రం. ఆయాసం పెరిగితే వెంటనే చెప్పమన్నారు."

చెల్లి వచ్చాక పేజీ తనకి ఇచ్చి ఊరుకోను. తను చదివి, "అయితే సాయంత్రం ఎక్స్‌రే రిపోర్టు నేను తేవాలి, ఆయాసం చూసుకోవాలి, అంతేగా అన్నయ్యా?" అని నాకు తిరిగి చెప్పాలి. మొదటి రోజు ఇద్దరికీ ఇబ్బందిగా అనిపించింది. రెండో రోజు ఆమె ఎక్స్‌రే సంగతి వదిలేసి చెప్పింది. పొరపాటు అక్కడే దొరికింది.

మూడో మెట్టు: రౌండ్స్‌లో మూడు ప్రశ్నలు

వందేళ్ళు దాటిన విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి) లాంటి చోట శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి జనం వస్తారు. యూనిట్ డాక్టరు మీ మంచం దగ్గర నిలబడేది చాలా కొద్దిసేపు. అది వాళ్ళ నిర్లక్ష్యం అనుకోకండి, ఇంకా ఎన్ని మంచాలున్నాయో చూడండి. ఆ కొద్దిసేపట్లో అడగడానికి ముందు రాత్రే మూడు ప్రశ్నలు రాసి పెట్టుకోండి.

నేను ఎప్పుడూ అడిగేవి: ఇప్పుడు మీరు అసలు సమస్య ఏమనుకుంటున్నారు? ఇవాళ, రేపు ఏం జరగబోతోంది? నేను ఏం గమనించాలి?

డాక్టర్లు చెప్పిన దాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు వెంటనే మర్చిపోతారని 2003లో వచ్చిన ఒక సమీక్ష చెప్తుంది. గుర్తున్న దాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుంది. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఇది సహజం. మందు ఒక్కటే: విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి. "సార్, నాకు అర్థమైంది ఒకసారి చెప్తాను, తప్పైతే దిద్దండి" అనండి. ఇలా అన్నందుకు నన్ను ఎవరూ విసుక్కోలేదు. పెద్ద డాక్టరు ముందుకు వెళ్ళిపోతే, వెనకాల కేస్ షీట్ రాస్తూ ఉండే పీజీని (జూనియర్ డాక్టరుని) అడగండి. చాలా సందేహాలు తీరేది అక్కడే.

నాలుగో మెట్టు: చేతులు, గొట్టాలు

జెనీవాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో మంచాల దగ్గరే చేతికి రాసుకునే ఆల్కహాల్ ద్రావణం పెట్టి, సిబ్బంది అలవాటు మార్చారు. 1994 నుంచి 1998కి ఆసుపత్రిలో అంటుకునే ఇన్‌ఫెక్షన్లు 16.9 శాతం నుంచి 9.9 శాతానికి దిగాయి. మీరూ ఒక సీసా మంచానికి కట్టండి. ముందు మీరు రాసుకోండి, చూడ్డానికి వచ్చిన బంధువులకు ఇవ్వండి. పక్క మంచం పెద్దాయన్ని లేపి కూర్చోబెట్టి, అదే చేత్తో మనవాళ్ళకి అన్నం కలపడం మనలో చాలా మామూలు. సాయం చెయ్యండి, మధ్యలో చేతులు కడుక్కోండి.

మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో, పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం విషయంలో అయిదు జాగ్రత్తలు తప్పకుండా పాటించారు. వాటిలో చివరిది: అవసరం లేని గొట్టం తీసెయ్యడం. మూడు నెలల్లోనే, ఆ ఐసీయూలను వరుసలో పెడితే మధ్యలో ఉన్న ఐసీయూలో గొట్టం ఇన్‌ఫెక్షన్లు సున్నాకి వచ్చాయి. 2006లో అచ్చయిన ఈ పని నాకు ఒక్క ప్రశ్న నేర్పింది: "ఇది ఇంకా అవసరమా సార్?" సెలైన్ క్యాన్యులా (చేతికి పెట్టే సూది గొట్టం) గురించి, యూరిన్ గొట్టం గురించి, రోజుకోసారి అడగండి. మీరు మాత్రం లాగకండి. చెయ్యి ఎర్రబడినా, వాచినా సిస్టర్‌కి చూపించండి. యూరిన్ బ్యాగు నడుం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. స్ట్రెచర్ మీద స్కానింగ్‌కి తీసుకెళ్ళేటప్పుడు పేషెంటు పొట్ట మీద పెట్టేస్తుంటారు, అప్పుడు వెనక్కి పారుతుంది. ఆ ఒక్కటి మీరు చూసుకోండి.

అయిదో మెట్టు: పెద్దవాళ్ళు తికమకగా మాట్లాడితే

దీని గురించి ఎక్కువ రాస్తాను. మన వార్డుల్లో దీన్ని చాలా మంది "వయసు మీద పడింది, మతి పోయింది" అని వదిలేస్తారు.

మా అమ్మకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తర్వాత మూడో రాత్రి ఉన్నట్టుండి నన్ను వాళ్ళ తమ్ముడనుకుని పిలిచింది. గోడ మీద ఎవరో ఉన్నారంది. సెలైన్ పీకబోయింది. పక్క మంచం దగ్గరున్న శ్రీకాకుళం ఆవిడ వచ్చి, "ఏటి బాబూ, నిన్నటి నుంచీ ఆ యమ్మకి కళ్ళజోడు పెట్టనేదేటి?" అంది. నిజమే. కళ్ళజోడు ఇంట్లో ఉంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. పగలంతా పడుకోబెట్టే ఉంచాం. బాత్రూమ్‌కి లేపాల్సి వస్తుందని నీళ్ళు కూడా తగ్గించాం.

డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. ఇది పిచ్చి కాదు, మతిమరుపు జబ్బు కాదు. గంటల్లో, రోజుల్లో వస్తుంది, కాసేపు బాగుండి కాసేపు ఎక్కువవుతుంది. వెనక ఇన్‌ఫెక్షన్, నొప్పి, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, నీళ్ళు తగ్గడం, ఒక మందు పడకపోవడం, ఏదైనా ఉండవచ్చు. అందుకే డాక్టరుకి చెప్పి తీరాలి. కొందరు గోల చెయ్యరు, మౌనంగా మగతలోకి జారిపోతారు. అది ఇంకా తేలిగ్గా కళ్ళు గప్పుతుంది.

అమెరికాలో యేల్ వైద్యులు 70 ఏళ్ళు దాటిన 852 మంది మీద చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. మామూలు సంరక్షణలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ప్రత్యేక సంరక్షణలో 9.9 శాతానికి తగ్గింది. ఆ ప్రత్యేక సంరక్షణలో కొత్త మందేమీ లేదు. రోజూ తేదీ, ఊరు, మనుషుల పేర్లు గుర్తు చెయ్యడం, నిద్రకు మాత్ర బదులు గోరువెచ్చని పానీయం, వీపు నిమరడం, లేపి నడిపించడం, కళ్ళజోడు, వినికిడి మిషను, నీళ్ళు. ఒకసారి వచ్చేశాక మాత్రం ఇవి అంతగా పనిచెయ్యలేదు. కాబట్టి మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి.

మన దగ్గర చెయ్యగలిగినది ఇదీ. పొద్దున్నే కిటికీ తెరిచి, "అమ్మా, ఇవాళ బుధవారం, మనం వైజాగ్‌లో ఆసుపత్రిలో ఉన్నాం, నీ కాలికి ఆపరేషన్ అయింది" అని చెప్పండి. వాదించకండి, బెదిరించకండి. తాగకూడదని డాక్టరు చెప్పకపోతే గంట గంటకీ రెండు గుక్కల నీళ్ళు, మజ్జిగ, పలచని చోడి (రాగి) అంబలి ఇవ్వండి. డాక్టరు ఒప్పుకున్న వెంటనే కూర్చోబెట్టండి, నిలబెట్టండి, వరండా దాకా నడిపించండి. రాత్రి పది తర్వాత ఫోన్లో వీడియోలు మోగనివ్వకండి, మీది గానీ పక్కవాళ్ళది గానీ. మీకు తెలిసిన ముఖాలే మారి మారి కూర్చోండి. కాళ్ళూ చేతులూ కట్టేస్తామంటే, ముందు నేను పక్కనే కూర్చుంటాను సిస్టర్ గారూ అని బతిమాలుకోండి.

అమ్మకి నాలుగు రోజులకి తగ్గింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని తికమక మొదలైన మర్నాడే పరీక్షలో తేలింది.

ఆరో మెట్టు: ఆపరేషన్ ఉంటే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల ఆపరేషన్ చెక్‌లిస్టును ఢిల్లీతో సహా 8 నగరాల్లో పరీక్షించింది. 2009లో ప్రకటించిన లెక్క: మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. భారత్‌తో సహా ఏడు దేశాల్లో 13 వేల మందికి పైగా రోగులతో చేసి 2022లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో, పొట్ట ఆపరేషన్‌లో కుట్లు వేసే ముందు గ్లౌజులు, పరికరాలు మార్చినంత మాత్రాన గాయం ఇన్‌ఫెక్షన్లు 18.9 శాతం నుంచి 16 శాతానికి వచ్చాయి.

థియేటర్‌లో మనం ఉండం. బయట మాత్రం ఇవి మన పని: ఏ మందు పడదో, చివరిసారి ఏ టైముకి ఏం తిన్నారో, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారో లేదో, కదిలే పన్ను ఉందో నోటితో చెప్పడం. కుడీ ఎడమా ఉన్న ఆపరేషన్ అయితే, గుర్తు సరైన వైపే పెట్టారేమో పేషెంటుతో కలిసి చూడడం.

చెక్‌లిస్టు ఉంటే చాలనుకోకండి. ఉత్తరప్రదేశ్‌లో 120 ప్రసూతి కేంద్రాల్లో చెక్‌లిస్టు ఇచ్చి, శిక్షకులను పెట్టి చేసిన పెద్ద ప్రయోగం ఫలితం 2017లో వచ్చింది. సిబ్బంది పద్ధతులు బాగుపడ్డాయి గానీ, తల్లీబిడ్డల మరణాలు తగ్గలేదు.

ఏడో మెట్టు: ఏదో తేడాగా ఉందనిపిస్తే

రోజూ చూసే మనిషి ముఖంలో తేడా మనకే ముందు తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో మార్తా అనే బాలిక తల్లిదండ్రులు చెప్పిన మాట ఆసుపత్రిలో పట్టించుకోకపోవడంతో ఆమె 2021లో చనిపోయింది. 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో ఆమె పేరుతో మార్తా రూల్ అమలు మొదలైంది. కుటుంబం అడిగితే వేరే బృందం వెంటనే వచ్చి చూడాలి.

మనం చెయ్యగలిగింది, గమనించింది అంకెల్లో చెప్పడం. "ఎలాగో ఉన్నారు సిస్టర్" అంటే వచ్చే జవాబు వేరు, "నిమిషానికి 28 సార్లు ఊపిరి తీస్తున్నారు, గంట కిందట 20 ఉంది" అంటే వచ్చే జవాబు వేరు. ఫోన్లో నిమిషం పెట్టుకుని, ఛాతీ లేవడం లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకి మామూలుగా 12 నుంచి 20. 25 దాటితే ఆగకండి. కొత్తగా తికమక, లేపినా లేవని మగత, చల్లని చెమట, నీలం తిరిగిన పెదాలు, మూత్రం బాగా తగ్గిపోవడం కూడా అంతే. ముందు సిస్టర్, తర్వాత డ్యూటీ డాక్టరు, వాళ్ళు రాకపోతే యూనిట్ డాక్టరు, అదీ కాకపోతే ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఆఫీసు. గొంతు పెంచొద్దు, వెనక్కీ తగ్గొద్దు. చెప్పిన టైము పుస్తకంలో రాయండి.

ఎనిమిదో మెట్టు: డిశ్చార్జి రోజు

"రేపు పంపించేస్తాం" అన్న మాట వినగానే ఇల్లంతా తేలికపడుతుంది. బిల్లు కౌంటరు, ఆటో, మందులు కొనడం, ఆ హడావుడిలో కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాం. మా నాన్న పడిపోవడం ఆ జేబులోనే మొదలైంది.

బోస్టన్‌లో 749 మంది రోగులతో చేసిన అధ్యయనంలో కొందరికి ఒక నర్సు కూర్చుని మందులు, తర్వాతి అపాయింట్‌మెంట్లు, ఇంట్లో ఏం చూసుకోవాలో వివరించింది. వాళ్ళకే అర్థమయ్యే చిన్న పుస్తకం ఇచ్చారు. 2 నుంచి 4 రోజుల తర్వాత ఫార్మసిస్టు ఫోన్ చేశారు. నెల లోపు వాళ్ళు మళ్ళీ ఆసుపత్రికి రావడం మిగతావాళ్ళ కంటే 30 శాతం తగ్గింది. ఇది 2009 నాటి సంగతి. మనకి ఆ నర్సు దొరక్కపోవచ్చు. ఆ పుస్తకం మనమే రాసుకోవచ్చు.

మందుల సంచి బయటికి తీయండి. కొత్త మందులూ పక్కన పెట్టండి. నోటుబుక్కులో మూడు నిలువు వరుసలు గీయండి: కొనసాగించేవి, కొత్తవి, ఆపేసినవి. మూడోదే ఎవరూ చెప్పనిది, మీరే అడగాలి. ప్రతి అట్ట మీద కంపెనీ పెట్టిన పెద్ద పేరు కాకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. రెండు అట్టల మీద అదే పేరు కనిపిస్తే, కలిపి ఇచ్చే మాత్రల్లో కూడా, అక్కడికక్కడే డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించండి. ఒక్కో మందు ఎందుకు, ఎన్ని రోజులు అని రాయించుకోండి. యాంటీబయోటిక్‌కి ఆఖరి తేదీ, స్టెరాయిడ్‌కి తగ్గించే పద్ధతి తప్పనిసరి.

తర్వాత ఈ నాలుగూ అడగండి. ఇంకా రావాల్సిన రిపోర్టులేమున్నాయి, ఎవరు తీసుకోవాలి? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి, ఏది కనిపిస్తే ఓపీ దాకా ఆగవచ్చు? ఓపీ ఏ వారం, ఏ గది? రాత్రి పూట అవసరమైతే ఎక్కడికి ఫోన్ చెయ్యాలి? ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి ఊరెళ్ళేవాళ్ళు, తమ ఊరికి దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీ డాక్టరుకి చూపించడానికి సమ్మరీ జిరాక్స్ ఒకటి తీసుకోండి.

కేస్ షీట్ కాపీ కావాలని రాసి ఇస్తే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నిబంధనల్లో ఉంది. ఇది అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. మళ్ళీ వేరే చోట చూపించాల్సి వస్తే ఆ కాగితాలే ఉపయోగపడతాయి.

తొమ్మిదో మెట్టు: ఇంట్లో ముప్ఫై రోజులు

అమెరికాలో పెద్దవాళ్ళ ఆరోగ్య బీమా లెక్కల్లో, డిశ్చార్జి అయినవాళ్ళలో అయిదుగురిలో దాదాపు ఒకరు నెల తిరక్కముందే మళ్ళీ చేరారని 2009లో తేలింది. చాలామంది చేరింది మొదటి జబ్బుతో కాదు. నిద్ర లేక, సరిగ్గా తినక, కండ కరిగి, కొత్త మందులతో కళ్ళు తిరిగి పడిపోయి, వేరే ఇన్‌ఫెక్షన్ వచ్చి. జబ్బు తగ్గినా ఆసుపత్రి వల్ల వచ్చిన ఈ బలహీనతకి 2013లో ఒక వైద్యుడు ప్రత్యేకంగా పేరు కూడా పెట్టాడు.

కాబట్టి మొదటి వారం బాత్రూమ్‌కి ఒంటరిగా పంపకండి. మంచం మీద నుంచి లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టండి. రాత్రి చిన్న దీపం వెయ్యండి. ముద్దకి గుడ్డో పప్పో కలపండి. మూడో రోజున ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చెయ్యకపోతే మీరే మందుల పేజీ మళ్ళీ తెరిచి, సంచితో సరిపోల్చండి. మా నాన్నకి ఆ పని చేసి ఉంటే నాలుగో రోజు వచ్చేది కాదు.

గుండె నీరసించినవాళ్ళని రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు పడుతోందని అర్థం, డాక్టరుకి చెప్పండి. ఆవకాయ, ఎండు మెత్తళ్ళు నోరూరించినా ఉప్పు మూటలే.

పక్షవాతం వచ్చినవాళ్ళ ఇంటికి ఒక మాట. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో ఒక పరీక్ష జరిగింది. ఇంటివాళ్ళకి వ్యాయామాలు నేర్పి పంపితే మేలవుతుందా అని చూశారు. ఆరు నెలలకి నేర్పిన వర్గంలోనూ నేర్పని వర్గంలోనూ 47 శాతం మంది చనిపోయారు లేదా ఇతరుల మీద ఆధారపడి ఉన్నారు. తేడా రాలేదు. 2017 నాటి ఈ ఫలితం నాకు బాధ కలిగించింది, మనసు తేలికపరిచింది కూడా. నాన్న చెయ్యి లేవకపోతే అది మీరు సరిగ్గా చేయించనందుకే అని ఏడవకండి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళడం మాత్రం, ఇంట్లో మేమే చేయిస్తున్నాం కదా అని మానకండి.

ఓపీ రోజున ఉదయాన్నే వెళ్ళండి. క్యూలో ఉన్నప్పుడే నోటుబుక్కు ఆఖరి పేజీలో నాలుగు వరుసలు రాసుకోండి: ఏం తగ్గింది, ఏం తగ్గలేదు, కొత్తగా ఏం వచ్చింది, ఏ మందు మానేశారు. ఆఖరిది దాచకుండా చెప్పండి. కడుపులో మంటగా ఉందనో, ఖరీదు ఎక్కువనో మానేసి ఉండవచ్చు, డాక్టరు బదులు ఇంకోటి రాయగలరు. లేచి వచ్చే ముందు మందుల సంచి బల్ల మీద పెట్టి, "వీటిలో ఇప్పుడు ఆపగలిగినవి ఏమైనా ఉన్నాయా మేడమ్?" అని అడగండి. మొన్న నాన్నకి అలా రెండు తగ్గాయి.